వీడియో చివర నువ్వడిగిన మాట

చిరంజీవి పిచ్చుకకి,

దీవెనలు. ఇక్కడ ముగ్గురం బాగానే ఉన్నాం. ముగ్గురెవరంటావేమో, నేనూ, మీ నాన్నా, పెద్ద గదిలో టీవీ కింద నువ్వు కూర్చోబెట్టి వెళ్ళిన ఆ నల్ల కంప్యూటరూ. ముగ్గురిలో మొండిఘటం ఎవరో ఈ ఉత్తరం చదివాక నువ్వే తేల్చు. నీ ఒళ్ళు జాగ్రత్త. గాలిని కొలవడానికే జీతమిస్తున్నారని ఆ దీవి మీద చెవులకేమీ కట్టుకోకుండా తిరగకు.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు ఆలస్యం చేశాను. ఎందుకు చేశానో చెప్పడానికే ఇంత కాగితం ముందేసుకుని కూర్చున్నాను, కాస్త ఓపిగ్గా చదువు.

ఎప్పుడూ "పిన్నీ, ఏం చేస్తున్నావ్?" అని మొదలెట్టేదానివి. ఈసారి "పిన్నిగారికి నమస్కారాలు, మీరు కులాసా అని తలుస్తాను" అన్నావు. ఈ గారు ఎక్కణ్ణించి ఊడిపడిందా అని కవరు తిప్పి చూశాను, ఇంకెవరిదో ఉత్తరం మన ఇంట్లో వేశారేమోనని. దస్తూరీ నీదే. కింద అసలు సంగతి రాశావు. "వీడియో చివర్లో మిమ్మల్ని ఒకటి అడిగాను. మీరు దానికి జవాబు రాయలేదు. ఇష్టం లేకపోతే ఫరవాలేదు, నేనేమీ అనుకోను. ఆ సంగతి ఇక వదిలేద్దాం." వదిలేద్దాం అన్నచోట నీ పెన్ను కాగితాన్ని చిరిగేంతగా నొక్కింది. ఏమీ అనుకోనివాళ్ళు అలా నొక్కరు. ఆ మీరు అన్న మాట చదివి నేను ఆ పూట అన్నం తినలేకపోయాను, నిజంగా చెబుతున్నాను.

ఈ ఇంటికి నేను వచ్చిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. తలుపు వెనక నిలబడి "నిన్నేమని పిలవాలి?" అని అడిగావు. నేను గోడమీద మీ అమ్మ ఫోటో చూపించి, "అమ్మ ఆవిడ. నన్ను పిన్ని అను" అన్నాను. అప్పట్నించీ ఎంత కోపంలో ఉన్నా, ఎంత గారాబం పోయినా పిన్నీ అనే పిలిచావు, నువ్వు అనే పిలిచావు. గారు మటుకు ఎన్నడూ లేదు. అందుకే అది అంత గుచ్చుకుంది.

నీ ప్రశ్నకి జవాబు ఈ ఉత్తరంలోనే ఇస్తాను. ముందు మిగతావాటి సంగతి తేల్చనీ.

మీ నాన్న మోకాలు అడిగావు. బస్సు నడిపేటప్పుడు నొప్పి లేదట, దిగితేనే నొప్పట. దిగకుండా ఉంటే సరి అని నేనంటే మూతి ముడుచుకున్నారు. డాక్టరు చెప్పిన వ్యాయామం రేపట్నుంచి మొదలెడతారు. ఆ రేపు ఇంకా రాలేదు. పై అంతస్తు పళ్ళ డాక్టరుగారు కారుతున్న నీళ్ళ గొట్టం బాగుచేయించారు, మన వంటింటి గోడమీద తడి ఆరింది, మరక మాత్రం ఉండిపోయింది. కొట్టులో పని బాగానే ఉంది. ఎవరో కొత్తగా హోటలు పెడుతున్నారు, గదులన్నిటికీ కర్టెన్లు మనమే కుడుతున్నాం. ఇల్లంతా లేత నీలం దారపు పోగులే, మీ నాన్న డ్యూటీకి వెళ్ళేటప్పుడు కూడా చొక్కాకి ఒకటి అంటుకుని వెళుతుంది.

ఇక ఆ నల్ల పెట్టె. "నా వీడియోని తిప్పలు పెట్టకుండా చూపించిందా?" అని అడిగావు. తిప్పలా, మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

సెలవుకి వస్తూ మీ దీవిలో వంటచేసే ఆయన నీ పెన్‌డ్రైవ్ తెచ్చిచ్చిన సాయంత్రం మీ నాన్న స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చి కూర్చున్నారు. నువ్వు ఆయన్ని చూస్తావన్నట్టు. నేను ప్లేయర్ తెరిచి వీడియో పెట్టాను. తెరంతా ఆకుపచ్చ, మధ్యలో గులాబీరంగు గళ్ళు అటూ ఇటూ పాకుతున్నాయి. మీ నాన్న కాసేపు చూసి, "దీవి చాలా పచ్చగా ఉందే" అన్నారు.

నేను వదిలే రకమా? మర్నాడు కొట్టుకి ఆలస్యంగా వెళతానని చెప్పి ఇంటర్నెట్‌లో వెతికాను. కోడెక్ అని ఒకటుందట. నువ్వు వెళ్ళేముందు చెప్పే ఉంటావు, నేను ఊ కొట్టి ఉంటాను. వీడియో చాలా పెద్దది కదా, దాన్ని చిన్నదిగా మడతపెట్టి పంపుతారు, ఎలా మడిచారో తెలిసినవాడే విప్పగలడు, ఆ తెలిసినవాడే కోడెక్. ఇంతే కదా. ఇది నాకు చెప్పాల్సిన పనే లేదు. లైనింగు వేసిన కర్టెన్ని కొత్తవాళ్ళు విప్పితే ఏమవుతుందో రోజూ చూస్తున్నాను.

అయితే ఒక పొరపాటు చేశాను. కోడెక్‌ల మూట అని ఒకటి దొరికితే వేశాను. అది చాలదేమోనని ఇంకో మూట వేశాను. రెండు ఉన్నప్పుడు మూడోది ఉంటే పోయేదేముందని అదీ వేశాను. మూడూ ఒకదానితో ఒకటి కొట్టుకున్నాయి. అంతకుముందు ఆడిన పాత సినిమాలు కూడా ఆగిపోయాయి. ఒకదాంట్లో హీరో తలకిందులుగా గుర్రమెక్కాడు. మీ నాన్న నా వెనక నిలబడి, "ఒక చీరకి ముగ్గురు దర్జీలా?" అన్నారు. ఒళ్ళు మండింది గాని ఆయన అన్నదే నిజం. మూడూ తీసేసి, ప్లేయర్ తనతో తెచ్చుకున్నదే ఉంచాను. సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్ అని ఒక గడి ఉంది, అంటే మడత విప్పే పని ప్లేయర్ తను చేయకుండా లోపలున్న వీడియో కార్డుకి అప్పగిస్తుందన్నమాట. మన కార్డు పాతది, నీ కెమెరా కొత్తది. ఆ గడిలో టిక్ తీసేశాను. ఆకుపచ్చ పోయి నువ్వు వచ్చావు.

ఎంత చిక్కిపోయావే. దానికి విడిగా తిడతాను.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని మొదట్నించీ చూశాం. గది చూపించావు, మంచం, కిటికీ, దానికి నువ్వు కుట్టి తగిలించుకున్న కర్టెన్, మేడమీద గాలి వేగం కొలుస్తూ తిరిగే గిన్నెలు, నీ గ్లాసులో టీ. చివర్లో కుర్చీ లాక్కుని కెమెరాకి దగ్గరగా కూర్చున్నావు. తల వంచుకుని ఏదో అన్నావు. ముక్కు తుడుచుకున్నావు. అక్కడితో వీడియో అయిపోయింది. మీ నాన్న లేచి వంటింట్లోకి వెళ్ళి కుళాయి దగ్గర చాలాసేపు ఉన్నారు. వచ్చి, ఎర్రబడ్డ కళ్ళతో, "ఏమంటావు?" అని అడిగారు.

నేనేమన్నానో తెలుసా? "కర్టెన్ కుచ్చులు సమంగా పడలేదు. ఒంటిపొర బట్ట, ఆ గాలికి ఆగదు" అన్నాను.

"అంతేనా?" అన్నారు మీ నాన్న.

"గుడ్డ మంచిదే" అన్నాను.

ఆ రోజు నించి ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేనేమో హోటలు ఆర్డరు గొడవలో పడి అది మోకాలి నొప్పి అనుకున్నాను. నీకు రాసిన ఉత్తరంలో కూడా ఆ కర్టెన్ల గురించే రాశాను, నీకు తెలుసు. నువ్వు అంత అడిగి జవాబు కోసం పడవ ఎప్పుడొస్తుందా అని చూస్తూ ఉంటే, నేను కుచ్చులకి మధ్య ఎంత జాగా వదలాలో రాసి పంపాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

నువ్వు చివర్లో అన్న మాట నాకు వినపడలేదు పిచ్చుకా. గాలి హోరు వినపడింది, సముద్రం వినపడింది, నీ మాట రాలేదు. వీడియో మొత్తంలో నీ మాటలు అక్కడక్కడా ముక్కలుగానే వచ్చాయి, నీ పెదాలు చూసి మిగతాది పూరించుకున్నాను. చివర్లో తల వంచుకున్నావు కాబట్టి అదీ కుదరలేదు. రికార్డింగులో పోయిందనుకున్నాను. నాకు వినపడనిది మీ నాన్నకి మాత్రం ఎలా వినపడుతుందని, ఆయన్ని అడగనైనా అడగలేదు.

నీ గారు ఉత్తరం వచ్చాక ఇక ఆ పెట్టెతో యుద్ధానికి దిగాను. రంగు కుదిర్చినదాన్ని శబ్దం కుదర్చలేనా అని పంతం. మాటలన్నీ టీవీ కింద ఉండే మధ్య స్పీకర్‌లోంచి వస్తాయని చదివి దాన్ని పెంచాను. పక్క స్పీకర్లు తగ్గించాను. సౌండ్ కోడెక్ మార్చాను, మళ్ళీ మార్చాను. ఈక్వలైజర్ అని వరసగా నిలువు గీతలుంటాయి చూడు, ఎడమవైపువి బరువు శబ్దాలకి, కుడివైపువి సన్నని శబ్దాలకి, వాటిని ఒక్కొక్కటే పైకీ కిందికీ లాగాను. సముద్రం మన పెద్ద గదిలోకి వచ్చేసింది. అలమారలో గాజు గ్లాసులు గలగలమన్నాయట, పళ్ళ డాక్టరుగారు మెట్లు దిగి వచ్చి, "తుఫానేమైనా ఉందామ్మా?" అని అడిగి వెళ్ళారు. ఇంత చేసినా నువ్వు దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టే ఉన్నావు.

కోడెక్‌దే తప్పని తీర్మానించి, స్పీకర్లు అమ్మే షాపాయన్ని పిలిపించాను. ఆయన వచ్చి, నేను పెట్టిన సెట్టింగులన్నీ ఒక్కొక్కటే చూశాడు. తర్వాత ఆ చివరి ముక్క వేసి, తల పక్కకి వంచి విన్నాడు. మీ నాన్న అప్పుడే డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతున్నారు.

"శుభ్రంగానే ఉందండి. కొంచెం గాలి ఉంది గాని, అమ్మాయి మాట స్పష్టంగా తెలుస్తోంది" అన్నాడు షాపాయన.

"ఏ మాట?" అన్నాను.

ఆయన మీ నాన్న వైపు చూశాడు. మీ నాన్న నా వైపు చూశారు. మళ్ళీ వేయమన్నాను, వేశాడు. మీ నాన్న పెదాలు నీ పెదాలతో పాటే మెల్లగా కదిలాయి. ఆయనకి ఆ మాటలు అప్పటికే కంఠతా వచ్చేశాయి. నాకు గాలి తప్ప ఏమీ లేదు.

షాపాయన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. మీ నాన్న టీవీ ఆపి నా పక్కన కూర్చున్నారు. "నీకు వినపడలేదా? మొదటిరోజు కూడా?" అని అడిగారు. లేదన్నాను. "నేనింకా నీకిష్టం లేదేమో అనుకుంటున్నానే. పిల్ల అంత అడిగితే కర్టెన్లంటుందేమిటి, ఇదెక్కడి మనిషి అని లోపల్లోపల నిన్ను తిట్టుకుంటున్నాను" అన్నారు. ఆయన గొంతు వణికింది. ఆ వణుకు కూడా నాకు చూస్తేనే తెలిసింది.

ఇక దాచను. తప్పు పెట్టెది కాదు, కోడెక్‌ది కాదు. నా చెవులది.

ఇది కొత్తగా వచ్చింది కాదు. కొట్టు పెట్టుకోకముందు అన్నేళ్ళు ఆ కుట్టు మిషన్ల హాల్లో పనిచేశాను కదా, హాలంతా ఒకేసారి నడిస్తే పక్కమనిషి అరిచినా వినపడేది కాదు. అక్కడే అందరం పెదాలు చూసి మాట్లాడుకోవడం నేర్చుకున్నాం. చెవి తగ్గుతున్నా ఆ అలవాటే నన్ను కాపాడుకొచ్చింది. కొట్టులో ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్ళతో ఇబ్బంది లేదు. ఫోన్‌తోనే చిక్కు, ఫోన్‌కి పెదాలుండవు. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా "సిగ్నల్ లేదు, మీ నాన్నకిస్తున్నా" అన్నాను చూడు, మన ఇంట్లో సిగ్నల్ ఎప్పుడూ బాగానే ఉంది. ఉత్తరాలు రాయి, ఉత్తరమైతే దాచుకోవచ్చు అని నిన్ను పోరు పెట్టింది కూడా అందుకే. దాచుకున్నమాట నిజమేలే, అన్నీ ఉన్నాయి.

నాకు భయం వేసింది. చెవిటిది అనిపించుకోవడం ఒక భయం. దానికంటే పెద్ద భయం ఇంకోటుంది. నీకు తెలిస్తే ఆ ఉద్యోగం వదిలేసి వచ్చేస్తావని. ఎంత కష్టపడి తెచ్చుకున్నావో నాకు తెలుసు. కానీ నా దాపరికం వల్ల నువ్వు అక్కడ కూర్చుని, పిన్నికి నాతో మాట్లాడటమే ఇష్టం లేదనుకుంటున్నావని ఆ సాయంత్రం గాని నాకు తట్టలేదు. అదే నన్ను ఏడిపించింది, చెవులు కాదు.

"ఏమందో చెప్పనా?" అన్నారు మీ నాన్న.

వద్దన్నాను. నువ్వు నాకు పంపిన మాట, వేరేవాళ్ళ నోట వినడం నాకు మనసొప్పలేదు. "అయితే రేపే చెవుల డాక్టరు దగ్గరికి" అన్నారు. ఆయన రేపు మోకాలి విషయంలోనే రాదు, నా విషయంలో పొద్దున్నే వచ్చేసింది.

డాక్టరు చూసి, బరువు శబ్దాలు బాగానే వినపడుతున్నాయి, సన్నవే తగ్గాయి, మనిషి మాటలో స్పష్టత అంతా ఆ సన్నవాటిలోనే ఉంటుంది, చెవి మిషన్‌తో బాగా కుదురుతుంది అన్నారు. తర్వాత ఒకావిడ నా రెండు చెవులకీ చిన్న మిషన్లు పెట్టి, వాటిని తన కంప్యూటర్‌కి కలిపింది. తెరమీద ఏం వచ్చిందనుకున్నావు? అవే నిలువు గీతలు. ఎడమవైపు బరువు, కుడివైపు సన్నం. నాకు నవ్వాగలేదు. ఆవిడ బిత్తరపోయింది. "ఆ చివరి రెండూ ఇంకాస్త పైకి లాగండి, మధ్యది దించండి, మీ కుర్చీ కీచుమంటోంది" అన్నాను. "మీరు సౌండు పని చేస్తారా అండీ?" అని అడిగింది. కర్టెన్లు కుడతానని చెప్పాను. ఇద్దరం కలిసి చాలాసేపు కుదిర్చాం. నెలకోసారి వచ్చి సరిచేయించుకోమంది, చెవులు కొత్త శబ్దాలకి అలవాటు పడటానికి టైము పడుతుందట.

ఇంటికొస్తుంటే ఊరంతా నామీద పడింది. చెప్పులు ఇంత చప్పుడు చేస్తాయా? కాగితం నలిగితే ఇంత గొడవా? కొట్టులో కర్టెన్ల రింగులు కడ్డీ మీద జారితే ఒక చిన్న శబ్దం వస్తుంది, అది నాకు ఎంతో ఇష్టమైన శబ్దం, పోయిందని కూడా తెలియలేదు, వచ్చాక తెలిసింది. మీ నాన్న టీ జుర్రే చప్పుడు మాత్రం వినపడకపోయినా నష్టం లేకపోయేది.

మధ్యాహ్నం మీ నాన్న ఇంట్లోనే ఉన్నారు. నేను పెట్టె ముందు కూర్చుని, నేను లాగిన గీతలన్నీ ఎక్కడివక్కడ సర్ది, ప్లేయర్‌ని నువ్వు ఇచ్చి వెళ్ళినట్టు మొదటికి తెచ్చాను. వీడియో పెట్టాను. మీ నాన్న నా పక్కన కూర్చోలేదు, వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డారు.

గాలి ఉంది. సముద్రం ఉంది. వాటి ముందు నువ్వున్నావు.

"పిన్నీ, నువ్వు చెప్పినట్టే ఇన్నాళ్ళూ పిన్నీ అన్నాను. ఇక్కడ మాత్రం నీ గురించి ఎవరడిగినా మా అమ్మ అనే చెబుతున్నాను. నిన్నడక్కుండానే. అది దొంగతనంలా ఉంది. అందుకని అడుగుతున్నాను. ఇక నుంచి అమ్మా అని పిలవనా?"

అంతా వినపడింది పిచ్చుకా. ఒక్క అక్షరం పోలేదు. నువ్వు ముక్కు తుడుచుకున్న చప్పుడు కూడా వినపడింది.

నేనూ కుళాయి దగ్గరికే వెళ్ళాను. ఆ తర్వాత మీ అమ్మ ఫోటో ముందు నిలబడ్డాను. ఈ ఇంటికి వచ్చిన రోజు ఆవిడ కుర్చీలో కూర్చున్నాను, ఆవిడ గిన్నెల్లో వండాను, ఆ పిలుపు ఒక్కటైనా ఆవిడకే ఉండాలని నిన్ను పిన్ని అనమన్నాను. అది ఆవిడ కోసం చెప్పిన మాట. ఆ మాటకి కాపలా కాస్తూ నువ్వు ఇన్నేళ్ళు నిలబడి ఉంటావని అనుకోలేదు. సంగతంతా ఆవిడకి చెప్పి, ఏమంటావని అడిగాను. ఆవిడ ఫోటోలో ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది కాబట్టి ఒప్పుకున్నట్టే లెక్క వేసుకున్నాను. మీ నాన్న కిటికీ దగ్గర నించే, "ఇంకా కర్టెన్ల గురించేమైనా అంటావా?" అన్నారు.

అంటాను, ఎందుకనను. ఆ కుచ్చులు నిజంగానే బాగాలేవు. మీ వంటాయన మళ్ళీ సెలవుకొచ్చి తిరిగి వస్తున్నాడు కదా, ఈ ఉత్తరంతో పాటు రెండు పొరల కర్టెన్లు పంపుతున్నాను, లేత నీలానివి. హోటలువాళ్ళది కాదు, నీకోసం విడిగా తెచ్చిన బట్ట. అడుగున అంచులో బరువు కోసం గొలుసు కుట్టాను, ఆ గాలికి ఎగరదు. తగిలించి మళ్ళీ వీడియో తీసి పంపు, ఏ కోడెక్‌లో పంపినా నేను చూసుకుంటాను.

నువ్వు ఫోన్ చేస్తే ఈసారి నేనే ఎత్తుతాను. మీ నాన్న నా తర్వాతే. కాస్త నిదానంగా మాట్లాడు, నేనింకా ఈ చెవులకి కొత్త. వినపడకపోతే వినపడలేదనే చెబుతాను, సిగ్నల్ మీదికి నెట్టను. ఉద్యోగం వదిలి వస్తానన్నావంటే మాత్రం కాళ్ళు విరగ్గొడతాను.

వేళకి తిను. చెవులకి గుడ్డ కట్టుకో. ఈసారి ఉత్తరంలో గారు కనపడకూడదు, పిన్ని కూడా కనపడకూడదు.

ఇట్లు,
అమ్మ